గోధుమ గిట్టని కోడలు

గురుద్వారా వంటశాలలో పెద్ద పెనం ముందు నసీబ్ కౌర్ కూర్చుందంటే పిండి ఒత్తి అందించే ఆడవాళ్ళకు ఊపిరి సలిపేది కాదు. పంజాబ్‌లో ఆ బర్నాలా చుట్టుపక్కల రొట్టె చేయలేని ఆడది ఉండదు కానీ, ఆమె కాల్చిన రొట్టెలా పొంగేది మాత్రం అరుదు. అట్లకాడ ముట్టేది కాదు, వేళ్ళతోనే తిప్పేది.

ఆ సంక్రమణం నాడు కూడా అలాగే తిప్పుతోంది. పక్కన కూర్చున్న గేలో ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చింది.

"ఏదో మాడుతోందే! రొట్టె కాదు, ఇది వేరే వాసన."

నసీబ్ వేళ్ళు పెనానికి ఆని ఉన్నాయి. గేలో ఆమె మణికట్టు పట్టుకుని లాగేసరికి మూడు వేళ్ళ కొసలు కమిలిపోయి ఉన్నాయి.

"అమ్మో, ఇనుప చేతులే తల్లీ ఈమెవి! అబ్బా అని కూడా అనలేదు చూడండి" అంది గేలో. అందరూ నవ్వారు. నసీబ్ కూడా నవ్వింది. కాలిన వేళ్ళను చున్నీ చెంగులో దాచుకుని ఇంటికి వచ్చాక గాని ఆమెకు భయం పట్టుకోలేదు. ఆమె ఓర్చుకున్నది ఏమీ లేదు. అసలు నొప్పే తెలియలేదు.

ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. కిందటి చలికాలం నుంచి పాదాలకు దూది చుట్టినట్టు ఉండేది. కాలి చెప్పు ఊడి దారిలో పడిపోతే ఇంటికొచ్చి కిందికి చూసుకునేదాకా తెలిసేది కాదు. నడిచేటప్పుడు కాళ్ళు ఎడంగా పడేవి, మలుపు తిరిగితే గోడ పట్టుకోవలసి వచ్చేది. యాభై దాటని మనిషి అలా తూలుతూ నడిస్తే ఊరు ఊరుకుంటుందా?

"జగ్రూప్ సీసా తొందరగా ఖాళీ అవుతోందంట. మొగుడు తాగుతున్నాడో, పెళ్ళాం తాగుతోందో!" అని బావి దగ్గర ఎవరో అన్నారు. ఆ మాట చుట్టూ తిరిగి భర్త చెవిన పడింది. జగ్రూప్ సింగ్ నెమ్మదస్తుడు, పండగకీ పబ్బానికీ ఓ గుక్క వేసుకునేవాడు. ఆ రోజే ఉన్న సీసా కాస్తా కాలవలో పారబోశాడు.

ఇంట్లో అత్తగారు బసంత్ కౌర్. ఊరంతా ఆమెను అమ్మా అన్నట్టు బేబే అనే పిలుస్తుంది, కోడలు కూడా అంతే. ఎనభైకి దగ్గర పడినా నాలుక పదును తగ్గని మనిషి. "బాతు నడకలు నేర్చావా కోడలా? నసీబ్ అని అదృష్టం పేరు పెట్టుకుని వచ్చావు, నా పాలికి మాత్రం ఏం తెచ్చావు?" అనేది. నసీబ్ ఎదురు చెప్పేది కాదు. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆ నోటికి అలవాటు పడిపోయింది.

గురువుగారి జయంతి, గురుపూరబ్ రోజున దాచడానికి ఇక వీలు లేకపోయింది. అర్దాస్ ప్రార్థనకు అందరితోపాటు లేచి నిలబడి, చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. కళ్ళు మూయగానే కింద నేల ఉందో లేదో తెలియలేదు. నరికిన చెట్టులా ముందుకు పడిపోయింది. ముందు వరసలో ఉన్నవాళ్ళు పట్టుకోకపోతే తల రాతికి తగిలేది. ప్రార్థన మధ్యలో ఆగింది. ఊరి కళ్ళన్నీ తన మీద పడిన ఆ క్షణంలో ఆమెకు పడినందుకు కాదు, సిగ్గుకు ఏడుపు వచ్చింది.

మర్నాటి నుంచి వైద్యాలు మొదలయ్యాయి. ఊరి వైద్యుడు బలానికి సూదులు వేశాడు. ఒకాయన వెన్నుపూస జరిగిందన్నాడు, ఇంకొకాయన చక్కెర జబ్బన్నాడు, అది లేదని తేలింది. దిష్టి అన్నవాళ్ళకు లెక్కే లేదు. చివరికి లుధియానాలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు జగ్రూప్. ఆవిడ పేరు డాక్టర్ మనీషా అరోడా. వయసులో చిన్నదే, తొందరపడే మనిషి కాదు.

"కాళ్ళు దగ్గర పెట్టి నిలబడండి అమ్మా. ఇప్పుడు కళ్ళు మూయండి."

నసీబ్ తూలింది. డాక్టరు ముందే చేతులు చాచి ఉంది, పట్టుకుంది.

"కడుపులో ఇబ్బంది ఏమైనా ఉందా? విరేచనాలు, ఉబ్బరం?"

"రాయి తిన్నా అరుగుతుంది డాక్టరమ్మా. నా జబ్బు కాళ్ళది" అంది నసీబ్.

రక్తపరీక్షలు చేశారు, గొట్టం వేసి పేగు చూశారు. ఆ తరువాత డాక్టరమ్మ వాళ్ళను కూర్చోబెట్టి చెప్పింది. గోధుమ పిండి కలిపితే సాగుతుందే, ఆ జిగురును గ్లూటెన్ అంటారు. నసీబ్ ఒంటికి అది పడదు. అది లోపలికి వెళ్ళినప్పుడల్లా ఒళ్ళు దాన్ని శత్రువు అనుకుని యుద్ధానికి దిగుతోంది. ఆ దెబ్బలు నరాలకూ, నడకను అదుపు చేసే మెదడు భాగానికీ తగులుతున్నాయి. ఆబోతుల కొట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్టన్నమాట.

"మరి మందు?"

"గోధుమ మానేయడమే మందు. బార్లీ కూడా వద్దు. ఒక పూటకో, ఏడాదికో కాదు, జీవితాంతం. పాడైన నరాలన్నీ తిరిగి బాగవుతాయని మాట ఇవ్వలేను. ఇంకా పాడవకుండా ఆపగలం."

జగ్రూప్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "డాక్టరమ్మా, మా పొలంలో గోధుమ, మా గాదెలో గోధుమ, మా గేదె తినేదీ గోధుమ గడ్డే. ఈమెను ఏ దేశం పంపమంటారు?"

"ఏ దేశమూ వద్దు. వంటింట్లోనే కొంచెం మార్పు చేయండి చాలు" అంది డాక్టరమ్మ.

ఆ కొంచెం అంటే ఎంతో, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరికీ మెల్లగా తెలిసివచ్చింది. రొట్టె, పరాఠా, పెళ్ళిళ్ళలో కరకరలాడే మఠీ, చలికాలం తినే పిన్నీ లడ్డూ, చివరికి గురుద్వారాలో పెట్టే హల్వా, గురువుగారి కడా ప్రసాదం. అన్నీ గోధుమే.

బేబే విని మంచం మీద లేచి కూర్చుంది. "గోధుమ జబ్బా? అన్నం పెట్టే తల్లిని జబ్బు అంటారా? చదువు ఎక్కువైతే ఇలాగే ఉంటుంది."

నసీబ్ అన్నం తినడం మొదలుపెట్టింది. ఆ ఇళ్ళల్లో అన్నం జ్వరం వచ్చినవాళ్ళ తిండి. ఎంత తిన్నా తిన్నట్టు ఉండేది కాదు. తను ఒత్తిన రొట్టెలు తనే అందరికీ వడ్డించి, వాసన తగలకుండా పెరట్లోకి వెళ్ళి కూర్చునేది. మొక్కజొన్న రొట్టె చేసుకుందామంటే, దాన్ని అరచేతుల మధ్య తట్టాలి. అంచు ఎక్కడ పలచబడిందో వేళ్ళకు తెలియాలి. ఆమె వేళ్ళకు తెలియడం లేదు. తట్టిన ప్రతి రొట్టే పెనం చేరకముందే విరిగిపోయేది. ఒకరోజు నాలుగోది కూడా విరిగితే పిండి పళ్ళెం పక్కకు తోసి, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

బేబే మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. కాసేపటికి కర్ర తాటించుకుంటూ వచ్చింది.

"జరుగు."

"వద్దు బేబే, నీకు పొయ్యి వేడి పడదు."

"జరగమంటే జరుగు. మక్కపిండికి మరిగిన నీళ్ళు పొయ్యాలి, నీ పుట్టింట్లో ఎవరూ చెప్పలేదా? ఇలా పిసకాలి. తిట్టుకుంటూ పిసికితే ఇంకా బాగా వస్తుంది. నన్ను చూడు."

గుండ్రంగా, పసుపుపచ్చగా పొయ్యిమీద లేచిన ఆ రొట్టె మీద వెన్న పెట్టి కోడలి ముందుకు నెట్టింది. నడివేసవి. మొక్కజొన్న రొట్టె చలికాలం ఆవకూరతో తినేది. ఎండల్లో తింటే ఒళ్ళు వేడి చేస్తుందని అందరూ అంటారు. పక్కింటి గోడ మీంచి చూసిన గేలో అననే అంది, "వైశాఖంలో మక్క రొట్టెలా! అత్తాకోడళ్ళిద్దరికీ మతి పోయిందా?"

"మతి పోతే పోయింది, ఆకలి తీరింది. నువ్వు నీ గోడ చూసుకో" అంది బేబే.

ఆ రోజు నుంచి కోడలి రొట్టె అత్త చేసింది.

ప్రసాదం సంగతి గురుద్వారాలో గ్రంథం చదివే గ్రంథీ గారు తేల్చారు. దోసిలి పట్టడానికి జంకుతూ వెనక నిలబడ్డ నసీబ్‌ను ఆయనే పిలిచారు. "బీబీ, గురువు మనిషిని నిలబెట్టేవాడే గాని పడగొట్టేవాడు కాదు. ఇదిగో" అని చక్కెర బతాసాలు నాలుగు చేతిలో పోశారు. తరువాత ఆమె కోసం ఒక చిన్న డబ్బాలో బతాసాలు విడిగా పెట్టడం అలవాటైంది. దాని మీద ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇంత చేసినా వర్షాకాలం వెళ్ళేనాటికి కాళ్ళల్లో మార్పు లేదు. మళ్ళీ రక్తం తీసి చూస్తే, ఒళ్ళు ఇంకా యుద్ధంలోనే ఉందని తేలింది.

"నిజం చెప్పండి, దొంగతనంగా తింటున్నారా?" అంది డాక్టరమ్మ.

"గురువుగారి మీద ఒట్టు."

డాక్టరమ్మ నమ్మింది. ఆలోచించి అడిగింది. "మొక్కజొన్న పిండి ఎక్కడ ఆడిస్తున్నారు?"

"ఊరి మరలో."

"అదే మరలో గోధుమ కూడా ఆడుతుందా?"

ఊళ్ళో అందరి గోధుమా ఆడేది ఆ రాళ్ళ మధ్యే. గాలిలో ఎగిరేదీ ఆ పిండే.

ఇంటికి వచ్చి చెప్పగానే బేబే మంచం దిగింది. కొడుకును వెంటబెట్టుకుని గడ్డివాము వెనక్కి వెళ్ళింది. అక్కడ ఆమె కాపురానికి వచ్చినప్పటి తిరగలి, మన్ను పట్టి పడి ఉంది. పైరాయి మీద కోళ్ళకు నీళ్ళ మూకుడు పెట్టేవారు. దాన్ని బయటికి తీయించి, వేడినీళ్ళతో కడిగించి, రాతిపనివాణ్ణి పిలిపించి కక్కు కొట్టించింది. కొత్త వెదురు పిడి దిగ్గొట్టించింది. పెరట్లో వేపచెట్టు నీడలో పరిచి, "రా కోడలా, ఎదురుగా కూర్చో" అంది.

ఒక పిడిని ఇద్దరూ పట్టుకుని తిప్పారు. మొదటి రోజుల్లో నసీబ్ చెయ్యి పిడి మీద నుంచి జారిపోయేది. ఆమె చెయ్యి మీద బేబే తన చెయ్యి వేసి పట్టేది. అన్నేళ్ళ కాపురంలో ఇద్దరూ అలా ఎదురెదురుగా కూర్చున్నది లేదు. ఒకరు వండుతుంటే ఒకరు వంక పెట్టడమే గాని.

"నా చిన్నప్పుడు మా ఇంట్లో గోధుమ రొట్టె అల్లుడొస్తేనే చేసేవాళ్ళు. మిగతా రోజులన్నీ సజ్జలు, మక్కలు, సెనగలు. కాలవ నీళ్ళొచ్చాక గోధుమే దొరసాని అయిపోయింది" అంది బేబే.

"ఈ వయసులో నీకెందుకు బేబే ఇంత కష్టం?"

తిరగలి రెండు చుట్లు తిరిగింది.

"నువ్వొచ్చిన నాటి నుంచి నీ రొట్టె తిన్నాను. ఉప్పెక్కువైందన్నాను, మాడిందన్నాను. బాగుందని ఎప్పుడైనా అన్నానా?"

"లేదు."

"బాగుండేది. అంటే నెత్తికెక్కుతావని అనలేదు. తిప్పు, ఊరికే నా ముఖం చూస్తావేంటి?"

నసీబ్ తల వంచుకుని తిప్పింది. పిండిలో కన్నీటిచుక్క పడకుండా చున్నీతో ముఖం ఒత్తుకుంది.

శీతకాలం పోయి గోధుమ కంకులు పసుపెక్కే వేళకు, ఒక ఉదయం గేదెకు నీళ్ళు పెట్టి వస్తూ నసీబ్ కెవ్వుమంది. బేబే కర్ర కోసం వెతుక్కునే లోపే ఆమె ఒంటికాలి మీద గోడ పట్టుకుని నవ్వుతోంది.

"గుచ్చుకుంది బేబే! తుమ్మముల్లు! నొప్పి తెలిసింది!"

"ముల్లు దిగితే ఇంత సంబరమా? ఊరికి మిఠాయి పంచుతావా ఏంటి?"

"పంచుతాను."

నిజంగానే పంచింది. బియ్యంలో బెల్లం వేసి వండి, వీధిలో ప్రతి ఇంటికీ గిన్నె పంపింది. దేనికో అడిగిన వాళ్ళందరికీ "కాలికి ముల్లు గుచ్చుకుంది" అని చెప్పాడు జగ్రూప్. విన్నవాళ్ళు వింతగా చూశారు.

అన్నీ తిరిగి రాలేదు. ఎడమ పాదం ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది. దూరం వెళితే కర్ర కావాలి, సూదిలో దారం ఎక్కించాలంటే ఇంకెవరైనా ఎక్కించాల్సిందే. పెళ్ళికి వెళితే రొట్టెలు గుడ్డలో కట్టుకుని వెళుతుంది. "మా వంట నచ్చదా?" అని కొత్తవాళ్ళు నిష్ఠూరమాడితే, "మీ వంట నచ్చుతుందమ్మా, నా నరాలకే నచ్చదు" అంటుంది. వంటశాలలో పిండి ఎగిరే వైపు వెళ్ళకుండా, బయట పంక్తిలో నీళ్ళు పోస్తుంది. మెల్లగా పోస్తుంది, ఒక్క లోటా కూడా జారవిడవలేదు. పొద్దున లేచి పాదం నేల మీద పెట్టగానే, ఆ చల్లదనం ఎంత తెలిస్తే అంతకు, "వాహెగురూ, నీ దయ" అనుకుంటుంది.

కిందటి ఏడాది గేలో మనవరాలు ఎంత తిన్నా ఎదగక, పొట్ట ఉబ్బి, చిక్కిపోయింది. పరీక్ష చేయిస్తే దానికీ గోధుమే పడదని తేలింది. గేలో ఆ పిల్లను చంకనేసుకుని వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రావడానికి ముఖం చెల్లలేదు.

"అక్కా, నేను నిన్ను ఏమేమో..."

"లోపలికి రా ముందు. పిల్లకు ఎండ తగులుతోంది" అంది నసీబ్.

బేబే మంచం మీద నుంచే గొంతు పెంచింది. "గేలో! నీ మక్కలు తెచ్చుకున్నావా? నా తిరగలి మీద ఊరికే ఎవరికీ పిండి రాదు, కూర్చుని తిప్పాలి. నీ చేతులకు బాగా బద్ధకం."

"తిప్పుతాను బేబే, ఎంతసేపైనా తిప్పుతాను."

నసీబ్ అప్పటికే పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. పళ్ళెంలో వెచ్చగా ఉన్న మక్క రొట్టెను చిన్న ముక్కలు చేసి, బెల్లం అద్ది, ఒక్కొక్కటే దాని నోటికి అందించసాగింది.