జమ్ములమ్మ కుడిచెయ్యి

అయిజ చుట్టుపక్కల విత్తనాల కోసం సీడుపత్తి వేసే రైతుల్లో జమ్ములమ్మ వదిన తెలియనివాళ్లు లేరు. సాయంత్రం మొగ్గ ఒలిచి లోపలి పుప్పొడి తిత్తులు తీసేయాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి అద్ది, గుర్తుగా దారం కట్టాలి. దీన్ని క్రాసింగ్ అంటారు, వదిన పని ఇదే. గోరు కాస్త లోపలికి దిగిందా, కాయ రాదు. ఇరవై ఏళ్లలో తన గోరు ఒక్కసారీ తప్పలేదని వదినే చెప్పుకుంటుంది. గొప్పలు చెప్పుకోవడానికి ఆమెకు మొహమాటం లేదు.

నేను వదిన వాళ్ల ఊరి ఆశా కార్యకర్తను, ప్రేమలతను. నాకు కోపం ఎక్కువ. కుడి రొమ్ములో గడ్డ తగిలి రెండు నెలలైందని, క్రాసింగ్ అయిపోయాక చూద్దామని ఆగానని ఆమె చెప్పిన రోజు, చేను గట్టు మీదే నోటికొచ్చినట్టు తిట్టాను. మర్నాడే దవాఖానకు లాక్కెళ్లాను. పరీక్షల్లో కేన్సరని తేలింది. గడ్డ చిన్నదే, అదొక్కటే అదృష్టం.

హైదరాబాద్‌లో డాక్టర్ ఉష రెండు దారులు చెప్పింది. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇవ్వడం ఒకటి, రొమ్మంతా తీసేయడం ఇంకొకటి. "మీ గడ్డకు ఏది చేసినా ఆయుష్షులో తేడా ఉండదమ్మా."

వదినకు నమ్మకం కుదరలేదు. "గడ్డి పీకినప్పుడు వేరు ఉంచుతమా మేడం? రొమ్ము, సంక అంత ఊడ్చెయ్యి."

"జబ్బు పాకితే ముందు చేరేది చంకలో గ్రంథులకే. కానీ అవన్నీ తీస్తే కొందరికి చెయ్యి వాస్తుంది. తగ్గకుండా ఉండిపోవచ్చు కూడా."

అప్పటిదాకా వాగిన మనిషి తన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "చెయ్యి ఉబ్బితే మొగ్గ ఎట్ల ఒలవాలె? నాకు ఇంకో పని తెల్వదు" అంది. నాకు ఏడుపొచ్చింది.

డాక్టర్ తొందరపడలేదు. "ముందు రొమ్ములోకి నీలం రంగు ఎక్కిస్తాం. అది మొదట చేరిన ఒకటి రెండు గ్రంథులే తీసి చూస్తాం. వాటిలో జబ్బు లేకపోతే మిగతావాటి జోలికి పోం. ఉంటే ఇంకొన్ని తీయాల్సి రావచ్చు."

"ఓహో, మేం పువ్వుకు దారం కట్టినట్ల! గట్ల చెప్పు మరి."

అసలు కత్తే లేకుండా కుదరదా అని నేను అడిగాను. కొందరికి మందులకే గడ్డ పూర్తిగా కరుగుతోందని, అలాంటివాళ్లకు ఆపరేషన్ మానేయొచ్చా అని పరీక్షిస్తున్నారని, ఇంకా తేలలేదని డాక్టర్ చెప్పింది.

"అది తేలేదాంక నా గడ్డ ఆగదు గద! నీ దగ్గర ఉన్నది కానియ్యి, నీ మాట నమ్ముత, గడ్డ వరకే తియ్యి. వచ్చేటోళ్లకు కత్తి లేకుంటే మంచిదే, నేనేం కుళ్లుకోను" అని వదిన నవ్వింది.

ఆపరేషన్ నాడు బయట ఆమె భర్త ఏసురత్నం, నేను కూర్చున్నాం. ఆయన ప్రార్థన చేస్తూ మధ్యలో నన్ను టైమెంతని అడుగుతున్నాడు. పదోసారికి కసిరాను. చివరికి డాక్టర్ వచ్చింది. నీలం గ్రంథులు రెండింటిలోనూ జబ్బు లేదు. మిగతావి ముట్టలేదు.

మర్నాడు పొద్దున వదిన దుప్పటి మీద కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి మెల్లగా ఏదో ఒలుస్తోంది. ఒకటి, రెండు, మూడు. ఏసురత్నం వంగి చూసి భోరుమన్నాడు.

ఆ చేత్తోనే ఆయన కళ్లు తుడిచింది.

"ఎందుకేడుస్తవయ్యా, ఒక్క మొగ్గ తెగలే."