తట్టు పోసింది కాదు, ఏసిన్రు

అల్మాస్‌కు పదహారు నెలలు నిండిన వారం, బుధవారం నాడు రిజ్వానా పిల్లను చంకనెత్తుకొని నారాయణపేట దవాఖానకు పోయింది. నర్సు యాదలక్ష్మి పిల్ల కుడి చేతికి తట్టు రాకుండా రెండో విడత సూది, తొడకు ఇంకో సూది వేసి, నోట్లో చుక్కలు పోసింది. అరగంట కూర్చోబెట్టి, "రెండు రోజులు జ్వరం వస్తది. తొడ గట్టిపడ్తది. బెదరకు" అని కార్డు మీద రాసిచ్చింది.

రిజ్వానా బెదిరే మనిషి కాదు. ఆమె ధ్యాస ఆదివారం మీద ఉంది. ఆ రోజు ఊట్కూరులో మంజులత బిడ్డకు తొట్లె. పుట్టిన ఇరవై ఒకటో రోజున పిల్లను మొదటిసారి ఉయ్యాలలో పండబెడతారు. ఆ పని రిజ్వానా చేతులతో జరగాలని ఎప్పుడో మాటయింది.

ఇద్దరూ ఆరేళ్లు ఒకే దుకాణంలో పక్కపక్క మిషన్ల మీద పనిచేశారు. చీరలకు ఫాల్ కుట్టడం, కొంగులకు కుచ్చులు కట్టడం. నారాయణపేట జిల్లా అయిన ఏడాది రిజ్వానా ఇంట్లోనే సొంత మిషను పెట్టుకుంది. అల్మాస్ పుట్టిన నలభయ్యో రోజు పిల్లను ఝూలాలో, అంటే ఉయ్యాలలో వేయడానికి చుట్టాలందరినీ పిలిచి, ముందుగా పిల్లను మంజులత చేతుల్లో పెట్టింది. పెళ్లయి తొమ్మిదేళ్లయినా మంజులతకు అప్పటికి పిల్లల్లేరు. "పిల్లలు లేనామెతోని మొదలు పెడ్తరా?" అని ఒక ముసలామె గొణిగింది.

"ఫాల్ కుట్టిన చేతులవి. జారనియ్యవు" అంది రిజ్వానా.

మంజులత ఆ రోజు ఏడవలేదు. పిల్లను పండబెట్టి, తాడు సరిచేసి, "నాకు పుడితె నువ్వే పండబెట్టాలె" అని మాత్రం అంది. ఇప్పుడు పుట్టింది. ఉయ్యాలకు కట్టడానికి రిజ్వానా ఒక గళ్ల నూలు చీర తీసిపెట్టి, అంచులు రెండు వరసలు కుట్టి ఉంచింది.

నర్సు చెప్పినట్టే గురువారం పొద్దున అల్మాస్ ఒళ్లు కాలింది. రిజ్వానా ఒక చేత్తో తడిగుడ్డ అద్దుతూ ఇంకో చేత్తో ఫోను పట్టుకొని మంజులతకు గొంతు సందేశం పంపింది: "అల్మాస్‌కు తట్టు ఏసిన్రే. జ్వరమొచ్చింది, ఒళ్లంత కాల్తాంది. ఆదివారం వరకు తగ్గుతది, నేనైతె వస్త, ఫికర్ చెయ్యకు."

ఊట్కూరులో బాలింత నిద్రపోతోంది. ఫోను అత్త అమృతమ్మ చేతిలో ఉంది. పెద్ద చప్పుడుతో పెట్టుకొని రెండుసార్లు విన్నది. తట్టు, జ్వరం, ఒళ్లంతా కాలడం. మూడు మాటలు చాలు. పోయి వేపమండ తెంపి తమ గుమ్మానికే కట్టి, ఆ తర్వాత ఫోను చేసింది.

"బిడ్డా, పిల్లకు బాగైనంక నెల దినాలకు రా. తల్లి ఉన్న ఇంటిమనిషి పచ్చి బాలింత ఇంటికి రావద్దు. నీకు తెల్వంది కాదు."

"ఏ తల్లి పెద్దమ్మా?"

"తట్టు తల్లి! నీ నోటితోనే అంటివి గద."

రిజ్వానాకు నవ్వొచ్చింది. "అయ్యో పెద్దమ్మా, తట్టు పోయలేదు. తట్టుకు సూది ఏసిన్రు."

"సూది అన్న మాటే లేదు. రెండుసార్లు ఇన్న. తట్టు ఏసిన్రంటివి. తట్టు మనుషులు ఏస్తరా? తల్లి పోస్తది."

"పోసుడు తల్లి పని, ఏసుడు నర్సు పని. నేను ఏసిన్రనే అన్న, పోసిందన్ననా?"

"మాటలు నీకు బాగొస్తయి. పిల్లకు జ్వరముందా, లేదా?"

"ఉంది."

"ఇగ అంతే" అని అమృతమ్మ ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నం తిండికి వచ్చిన భర్త ముజఫ్ఫర్‌కు కోపమొచ్చింది. అతనిది ఆటో. "వద్దన్న ఇంటికి పోతమా? ఇజ్జత్ లేదా మనకు?"

"వద్దన్నది నన్ను కాదు, తట్టును. తట్టు మన ఇంట్ల లేదు" అంది రిజ్వానా. "కాని పోవచ్చో లేదో నువ్వు, నేను, ఆ పెద్దమ్మ చెప్పేది కాదు. జర ఆగు."

యాదలక్ష్మికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. నర్సు నవ్వలేదు. ఇలాంటివి ఆమె చాలా విన్నది.

"సూది ఏసుకున్న పిల్లనుంచి ఇంకో పిల్లకు తట్టు అంటదు. గీ జ్వరం సూదిది, రేపటికి తగ్గుతది. కాని ఒక మాట. ముక్కు కారుతాందా? దగ్గుందా?"

"లేదు."

"వస్తె మాత్రం పోకు. అది సూది వల్ల రాదు, వేరే రోగం. ఇరవై దినాల పిల్లకు ఉత్త పడిశమే ఎక్కువ. ఆదివారం పొద్దున చూసుకొని, చేతులు కడుక్కొని పో."

శుక్రవారానికి జ్వరం దిగింది. శనివారం పొద్దున అల్మాస్ వరసగా రెండు తుమ్ములు తుమ్మింది. రిజ్వానా మిషను ఆపింది. పొద్దంతా ఆమె పిల్ల ముక్కు చూసింది, పిల్ల ఆమె ముఖం చూసింది. కుట్టే చీర కొత్తది, గంజి దులుపుతుంటే దుమ్ము లేస్తోంది. చీర మడిచి పక్కన పెడితే తుమ్ము రాలేదు. సాయంత్రం మళ్లీ దులిపి చూసింది. పిల్ల మళ్లీ తుమ్మింది.

"గంజిది" అంది భర్తతో. "రేపు బండి కడుగు."

"ఒకవేళ ముక్కు కారితె?"

"చీర నీతోని పంపి నేనింట్ల ఉంట. మంజులతకు మాటిచ్చిన గని, ఆమె పిల్లకు రోగం తెస్తనని ఇయ్యలేదు."

ఆదివారం పొద్దున ముక్కు పొడిగా ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. చీర, కార్డు సంచిలో పెట్టుకొని ఆటో ఎక్కారు.

ఊట్కూరులో గుమ్మానికి వేపమండ కనపడగానే ముజఫ్ఫర్ బండి అక్కడే ఆపేశాడు. రిజ్వానా పిల్లతో దిగింది కాని గడప తొక్కలేదు. బయటి అరుగు మీద, ఎండ పడే చోట కూర్చుంది.

"పెద్దమ్మా, పిల్లను తెచ్చిన. నీ కండ్లతోని చూడు. రమ్మంటె వస్త, వద్దంటె చీర ఇచ్చి పోత."

అమృతమ్మ వచ్చింది. ఐదుగురు పిల్లల్ని పెంచిన మనిషి. ముగ్గురికి తట్టు పోస్తే చూసుకున్నది. ఎక్కడ చూడాలో ఆమెకు తెలుసు. అల్మాస్ చెవుల వెనక వెంట్రుకలు జరిపి చూసింది, గౌను ఎత్తి వీపు చూసింది, కండ్ల ఎరుపు చూసింది. ఎక్కడా ఒక్క పొక్కు లేదు. తొడ మీద గట్టి గడ్డ తగలగానే అల్మాస్ ఆమె చెయ్యి తోసేసింది.

"గిదేంది?"

"గది సూది ఏసిన జాగ" అని రిజ్వానా కార్డు తీసింది. అమృతమ్మకు చదువు రాదు. కాని అదే రంగు కార్డు మనుమరాలికి కూడా ఇచ్చారు, ఇంట్లో దేవుని పటం వెనక పెట్టి ఉంది. తిప్పి తిప్పి చూసింది.

లోపలినుంచి మంజులత గొంతు వినిపించింది. "అత్తమ్మా, పంచనామ అయితె తోలు లోపలికి. గీడ నా పిల్ల ఏడుస్తాంది. రిజ్వానా పండబెట్టందే తొట్లె ఊగదు."

"నీ దోస్తు కోసం నా మీద పడ్తవు" అంటూనే అమృతమ్మ అల్మాస్‌ను తానే ఎత్తుకుంది. "కాళ్లు చేతులు కడుక్కొని రా బిడ్డా. మీ ఆయనను గూడ రమ్మను, ఎండల ఏం కూసుంటడు."

గళ్ల చీరతో ఉయ్యాల కట్టారు. రిజ్వానా ముడిని రెండుసార్లు లాగి చూసి, పిల్లను తల వైపు నుంచి మెల్లగా దించింది. మంజులత ఆ చేతుల వైపే చూసింది. "జారనియ్యవు లే" అంది.

భోజనాలయ్యాక అమృతమ్మ వక్క నములుతూ రిజ్వానా పక్కన కూర్చుంది. వేపమండ ఇంకా గుమ్మానికే ఉంది, తీస్తానని ఆమె అనలేదు.

"ఇగో, ఫోన్ల ఇంకోసారి గట్ల సగం సగం చెప్పకు. మూడు దినాలు నాకు నిద్ర లేదు."

"సూది అనే మాట ముందు చెప్త పెద్దమ్మా."

అమృతమ్మ ఉయ్యాల వైపు తిరిగింది.

"మన పిల్లకు ఎప్పుడేస్తరు, తట్టు?"

"మొదటిది తొమ్మిది నెలలు నిండంగనే" అంది రిజ్వానా.

అమృతమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.