ఇసుక కోసం కొన్న టైర్లు

పికప్ బండి వెనక ట్రాలీ తగిలించి పడవలు మోయడం నా పని. మాది వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు ఊరు. నాన్న వేటకి వెళ్ళేవాడు. నేను సముద్రానికి భయపడి బండి కొనుక్కున్నాను. ఆ భయాన్ని తెలివితేటలని చెప్పుకుంటూ చాలాకాలం బతికాను. చేపల వేట మీద నిషేధం ఉండే వేసవిలో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. అడుగు పగిలినవాటిని నౌపడ పక్కనున్న మరమ్మతు షెడ్డుకి చేర్చి, నిషేధం ఎత్తేసేలోగా తిరిగి తెచ్చి పెట్టాలి.

ఆ ఏడు నా బండి వెనక టైర్లు నున్నగా అరిగిపోయాయి. కొత్తవి కొనడానికి పలాస బయల్దేరితే మా బావ కూడా ఎక్కాడు. బావ అంటే మా అప్ప భర్త. అక్కని మా వైపు అప్ప అంటాం. ఆయనకి ఒక ఫైబర్ పడవ ఉండేది. వాళ్ళ ఇల్లు గడిచేది దాని మీదే. ఆ వేసవిలో నేను మొదట మోయాల్సింది కూడా దాన్నే.

కొట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి పక్క గోడ మందంగా, గట్టిగా ఉంది. రెండోది వెడల్పుగా, మెత్తగా ఉంది.

"ట్రాలీ లాగుతారా?" అని కొట్టతను అడిగాడు. లాగుతానన్నాను.

"అయితే గట్టివే తీసుకోండి. ట్రాలీ బరువు కొంత మీ వెనక చక్రాల మీదే పడతాది. మెత్తటివి ఎండలో హైవే మీద వేడెక్కిపోతాయి."

"ఆయన సెప్పింది ఇను," అన్నాడు మా బావ. "మందంగా ఉన్నయ్యే తీసుకో. రేపు ఎక్కేది నా పడవ కదేటి."

నాకు వినాలని లేదు. కారణం చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. కిందటేడు ఒడ్డు మీద నా బండి ఇరుసు దాకా ఇసుకలో కూరుకుపోయింది. ఎంత తొక్కితే అంత దిగింది. పెద్ద వల లాగుతున్నవాళ్ళు ఆగి మరీ చూశారు. "మావా, వల వదిలీసి నీ బండికి తాడు కట్టమంటావేటి? ఈ పూట సేపలు పడ్లేదు, నువ్వే పడ్డావు" అన్నాడొకడు. ఒడ్డంతా నవ్వింది. చివరికి వాళ్ళే, వల లాగినట్టే పాట కట్టి నన్ను పైకి లాగారు. ఆ నవ్వు నన్ను వదల్లేదు. ఇసుక మీద తేలిపోయే టైరు కావాలి నాకు, అంతే.

"హైవే ఎంత దూరం బావా? మన పనంతా ఇసకలోనే" అన్నాను. మెత్తటివే వేయించాను. బండి నాది.

మా ఒడ్డున ఒక అలవాటు ఉంది. ఇసుకలోకి దిగేముందు టైర్లలో సగం గాలి తీసేస్తాం. టైరు పరుచుకుని ఇసుకలో దిగదు. మళ్ళీ తారు రోడ్డు ఎక్కగానే పంక్చర్ షాపు దగ్గర ఆగి గాలి నింపుకోవాలి. బావ పడవ ఎక్కించిన రోజు బండి ఒక్క ఊపున ఇసుకలోంచి పైకొచ్చింది. ఎవరూ నవ్వలేదు. షాపు ముందు అప్పటికే ఒకటి రెండు బళ్ళు ఆగి ఉన్నాయి. ఆ ఊపు మీద నేను ఆపలేదు.

"గాలి కొట్టించవేటి?" అన్నాడు బావ.

"పలాసలో సూద్దాం."

పలాసలోనూ ఆపలేదు, బండి బాగానే పోతోంది కదా అని. హైవే ఎక్కి టెక్కలి వైపు పోతుంటే వెనక భాగం మెల్లగా ఊగుతున్నట్టు అనిపించింది. వేగం తగ్గించాల్సింది. బావ పక్కన కూర్చుని ఉండగా తడబడినట్టు కనిపించడం ఇష్టం లేకపోయింది. వెనక టైరు పేలింది. ట్రాలీ పక్కకి విసురుగా తిరిగింది. తాళ్ళు తెగి పడవ వెళ్ళి డివైడర్ మీద పడింది.

మా ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. పడవ నడుం దగ్గర రెండుగా విరిగింది. బావ దిగి దాని చుట్టూ నడిచాడు. తర్వాత గొంతుక్కూర్చుని విరిగిన అంచు మీద అరచెయ్యి పెట్టాడు. ఫైబర్ పోగులు గుచ్చుకుంటున్నా తియ్యలేదు. నేను టైరు దగ్గర నిలబడి టైరునే చూస్తూ ఉన్నాను.

ఆ సాయంత్రం ఒడ్డున అందరూ చేరి ఏమైందని అడిగారు. "టైర్ల కొట్టోడు మోసం సేసీసినాడు. నాసిరకం అంటగట్టినాడు" అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. కొట్లో మాటలన్నీ విన్న మనిషి అక్కడే ఉన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. బావ తల దించుకుని, "అవును, ఆడే సేసినాడు" అన్నాడు.

అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. పడవ పోగొట్టుకున్న మనిషి నా పరువు కాపాడుతుంటే కాపాడనిచ్చాను. టైరు పేలడాన్ని ప్రమాదం అనుకోవచ్చు. దీన్ని ఏమనుకోవాలో నాకు తెలియదు.

నిషేధం ఎత్తేశాక అందరి పడవలూ నీళ్ళలోకి దిగాయి. బావ కొన్నాళ్ళు వాళ్ళ పడవలో, వీళ్ళ పడవలో వెళ్ళాడు. రోజూ చోటు దొరకదు. చివరికి మా ఊళ్ళవాళ్ళు చాలామంది వెళ్ళినట్టే గుజరాత్ బోట్ల మీద కూలికి బయల్దేరాడు. పలాస స్టేషనులో నేనే దింపాను. అప్పటికి గట్టి టైర్లు వేయించాను. ఆయన దిగి, వంగి వాటిని చూశాడు. "ఇయ్యి మంచియ్యి" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

మొన్న అప్ప దగ్గరికి వెళ్ళాను. పడవ ముందు సగం వాళ్ళ పెరట్లో బోర్లించి ఉంది. వానకి తడవకుండా ఆమె దాని కింద వంటకట్టెలు పేరుస్తోంది. ఆ రోజు కొట్లో ఏం జరిగిందో, ఒడ్డున నేనేం చెప్పానో అంతా చెప్పేశాను.

"తెలుసురా," అంది తల ఎత్తకుండా. "ఆ రేతిరే నాకు సెప్పినాడు. నువ్వే నలుగుర్లో సెప్తావని ఎదురుసూసినాడు, రైలెక్కేదాకా."

అక్కడే నిలబడి బావకి ఫోను చేశాను. ఆ బోట్లు ఒకసారి వెళితే రోజుల తరబడి ఒడ్డుకి రావు. ఫోను కలవలేదు. మళ్ళీ చేశాను. కలవదని అప్పకి తెలుసు. నా వైపు చూడకుండా కట్టెలు సర్దుకుంటూ ఉండిపోయింది.