అన్న బెల్టు ముక్కతో నడిచిన బస్సు

నిన్న పొద్దున్నే ఫోన్. "అత్తా, నాయన పోయినాడు" అంటూ మేనల్లుడు ఏడుపు.

మొన్ననే కదా వీడియో కాల్‌లో నవ్వాడు! తొంభై దాటినా మా ఓబులేసన్న పోతాడని నేనెప్పుడూ అనుకోలేదు. పిచ్చిదాన్ని.

కోయిలకుంట్ల వెళ్లాను. శవం పక్కనే ఎవరో అన్నారు: "మంచోడే గానీ, నిర్లక్ష్యంగా నడిపి బస్సు పాడు చేసినాడంట గదా."

మా ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్న మాటే. నిన్న కూడా నోరు విప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అన్న నడిపేది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి బస్సు. స్పేర్ పార్ట్ కావాలంటే మద్రాసుకు రాసి నెలల తరబడి చూడాలి. వస్తుందన్న గ్యారంటీ లేదు. బ్రేక్ ఆయిల్ దొరక్క బ్రేకుల్లో ఆముదం పోసేవాడు. పెట్రోలు చాలక, దిగుడు రాగానే ఇంజిన్ ఆపి జారనిచ్చేవాడు. ఆ బస్సంటే ప్రాణం.

ఒకరోజు కర్నూలులో నాకు టీచర్ ఇంటర్వ్యూ ఉంటే అన్న బస్సే ఎక్కాను. దారిలో ఇంజిన్‌లో బేరింగ్ పోయింది. అన్న బస్సు కిందికి దూరి, తన నడుముకున్న తోలు బెల్టు కోసి, ఆ ముక్కను నూనెలో తడిపి బేరింగ్ బదులు బిగించాడు. రెండు గంటలు పట్టింది.

బస్సు కదిలింది!

"తోలు ముక్క మ్మేయ్ ఇది. నిదానంగా పోతేనే నిలుస్తాది" అన్నాడు.

నేను వింటేనా! "టైమైపోతాండాది, బిన్నా పోనీన్నా" అని ప్రాణం తీశాను. ఏడ్చాను. "నీకు నాకంటే బస్సే ఎక్కువ" అని కూడా అన్నాను.

అన్న స్పీడు పెంచాడు.

టైముకు చేరాను. కానీ ఆ తోలు కాలిపోయి, ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ అనే ఇరుసు పాడైంది. ఆ మోడల్‌కి మళ్లీ అది దొరకనే లేదు. బస్సు షెడ్డులో తుప్పు పట్టింది.

బస్సు ఓనరు అడిగితే, "నా తప్పే సామీ" అన్నాడట. నా పేరే ఎత్తలేదు. తర్వాత డ్రైవర్‌గా ఎవరూ పెట్టుకోలేదు. జీవితమంతా సైకిళ్లకు పంక్చర్లు వేశాడు.

నాకు మాత్రం ఉద్యోగం, పెన్షన్.

మొదట్లో భయపడి చెప్పలేదు. తర్వాత సిగ్గు. ఒకసారి క్షమించమని అడగబోతే కసిరాడు. "ఉద్యోగం వచ్చింది గదమ్మా, ఇంకేం కావల్ల?"

పిల్లలూ, మీ తాత నిర్లక్ష్యం మనిషి కాదు. ఆ బస్సును పాడు చేసింది నేను. ఇది ఆయన బతికుండగా, అందరి ముందూ చెప్పాల్సింది. చెప్పలేదు.

పోయిరా అన్నా. నిన్నెవరూ తొందరపెట్టని చోట నిమ్మళంగా ఉండు.