పైపుల వరసలో చుట్ట

సాలూరు కొండల మీద నేను గుమస్తాగా పనిచేసిన ఫారెస్టు దొరకి పొగతాగే పాత సీమ పైపులంటే ప్రాణం. ఒక్కటీ కాల్చడు. చేతిలోకి తీసుకుని, తిరగేసి, చేసినవాడి ముద్ర చూపించి పేరు చెప్పేవాడు. "ఎప్పుడో పోయాడు పాపం" అనేవాడు, సొంత తాతని తలుచుకున్నట్టు.

ఒకరోజు ప్రతి పైపులోనూ చిటికెడు పొగాకు కనిపించింది. దొర మండిపడ్డాడు. బంగళా ఊడ్చే కొండ ముసలమ్మ, నిప్పు వైపు నోట్లో పెట్టుకున్న చుట్ట బయటికి తీసి, "సచ్చిపోయినోళ్లని రోజూ పేరెట్టి పిలుత్తన్నావు. ఒట్టి సేతుల్తో పంపేత్తావేటి బాబూ?" అంది.

దొర ఆ పొగాకు తీయించలేదు.

ఆ వానల్లో జ్వరమొచ్చి ముసలమ్మ పోయింది. తర్వాత ఎవరొచ్చినా దొర పైపులన్నీ చూపించి, వరస చివర ఉన్న సగం కాలిన చుట్ట చేతిలోకి తీసుకునేవాడు. అలవాటుగా తిరగేసేవాడు. "దీని మీద ముద్ర లేదు. చుట్టింది మా ముసలమ్మ" అని, పక్కన చిటికెడు పొగాకు పెట్టేవాడు.