చప్పుడు లేని బండి

నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. నా భార్యకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను కేసముద్రంలో మెకానిక్‌ని. మార్కెట్‌కు వచ్చే ట్రాక్టర్లు, లారీలే నా బతుకు. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వింటే జబ్బెక్కడుందో చెప్పేవాణ్ని. పాత బండి కొనేవాళ్లు ముందు నా దగ్గరికే తెచ్చేవారు. ఆ పేరంటే నాకెంత మోజో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

దంతాలపల్లిలో ఉండే యాకయ్య సార్ నాకు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. ఒక మధ్యాహ్నం ఆయన ఒక పాత హైబ్రిడ్ కారుతో వచ్చారు. ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జింగ్ చేసుకునే రకం, పెట్రోలుతోనూ నడుస్తుంది. ఆయన భార్య సుగుణమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వరంగల్ వెళ్లాలి. బస్సు కుదుపులకు ఆమె తట్టుకోలేకపోతోంది. కొనేముందు చూపించుకొమ్మని అమ్మే మనిషి ఒక్కరోజుకు బండి ఇచ్చాడు.

స్టార్ట్ చేశాను. చప్పుడు లేదు. చెవి ఆనించాను. ఏమీ లేదు. డాష్‌బోర్డులో ఒక పసుపు దీపం వెలిగి, కాసేపటికి ఆరిపోయింది. అదేమిటో నాకు తెలియదు. బానెట్ దగ్గర నిలబడ్డ సార్ దాన్ని చూడలేదు.

"ఎట్లున్నది తమ్మీ? హైదరాబాద్ తీస్కపోయి కంప్యూటర్ పెట్టి చూపియ్యమంటవా?"

"గా కంప్యూటర్ ఎందుకు సార్? నేను చూసిన గద. ఇంజన్ మక్కన్ లెక్క మెత్తగున్నది. తీస్కోండ్రి."

"నువ్వంటే సాలు."

ఆ సమయంలో ఇంజన్ నడవనే లేదని, బండి బ్యాటరీ మీదే ఉందని నాకు తర్వాత తెలిసింది. నడవని ఇంజన్‌ను మెచ్చుకున్న మొనగాణ్ని నేను. ఎందుకలా అన్నాను? షెడ్డులో నలుగురు రైతులు కూర్చుని చూస్తున్నారు. వాళ్ల ముందు, అందులోనూ నాకు చదువు చెప్పిన మనిషి ముందు, నాకు తెలియని బండి కూడా ఒకటుందని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. అంతే. ఇంకే కారణమూ లేదు.

బండి కొన్న మూడో నెలలో, సుగుణమ్మకు ఆయాసం ఎక్కువైన ఒక పొద్దున, వర్ధన్నపేట దాటాక కారు ఆగిపోయింది. ట్యాంకులో పెట్రోలుంది. అయినా కదలలేదు. బ్యాటరీ కొనకముందు నుంచే పాడవుతూ వచ్చిందని, అది పూర్తిగా పోతే పెట్రోలున్నా ఆ బండి నడవదని ఆ తర్వాత తేలింది. మరో బండి దొరికి దవాఖానకు చేరేసరికి ఆమె ప్రాణం పోయింది. ముందే చేరితే బతికేదా? ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్న చాటున దాక్కుందామని ఎన్నిసార్లు చూశానో, అన్నిసార్లూ ఆ పసుపు దీపం కళ్లముందు వెలిగింది.

దినాలకు వెళ్లాను. నేను బండిని మంచిగానే చూశానని, తన నసీబే బాగాలేదని సార్ నా భుజం మీద చేయి వేసి బంధువులకు చెప్పారు. నాకు టీ ఇప్పించారు. ఆ టీ తాగాను, చూడండి, కప్పు ఖాళీ అయ్యేదాకా తాగాను.

ఇప్పటికీ వాళ్ల ఊళ్లో ఎవరు పాత బండి కొన్నా ఆయన నా దగ్గరికే పంపుతున్నారు.

క్షమించమని ఆయన్ను అడగలేను. క్షమిస్తారేమోనని భయం. ఇది రాసినంత మాత్రాన సుగుణమ్మ తిరిగి రాదు. కానీ ఆ రోజు సార్ అడిగినదానికి నా దగ్గర ఒక్కటే జవాబుంది. ఇన్నేళ్లకు దాన్ని కాగితం మీద పెడుతుంటే కొంచెం ఊపిరి ఆడుతోంది.

నాకు తెల్వది సార్. గీ బండి నాకు తెల్వది.