ఇరవై ఒకటో వంతు

2020 ఏప్రిల్‌లో నేను మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో, ఒక క్రీడా ప్రసార సంస్థ డిజిటల్ విభాగంలో సీనియర్ రిక్వైర్‌మెంట్స్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను. పేరు గంభీరంగా ఉంది కానీ పని తేలిక మాటల్లో చెప్పవచ్చు. ప్రోగ్రామర్లు కోడు రాయకముందు ఆ కోడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో కాగితం మీద పెట్టేవాణ్ణి. ఆ కాగితాన్ని జర్మన్లు ఫాఖ్‌కాన్‌సెప్ట్ అంటారు. నేను నియమపత్రం అనేవాణ్ణి. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో అలాంటివి ఎన్ని రాశానో నాకే గుర్తు లేదు. ఈ ఒక్కటి మాత్రం మరిచిపోలేను.

కరోనా దెబ్బకు మైదానాలన్నీ మూతపడ్డాయి. ఆటలు లేకపోతే ఆటలు చూపించే సంస్థకు పనేముంటుంది? సగం మందిని కుర్ట్‌సార్‌బైట్‌లో పెట్టారు. అంటే పనిగంటలు తగ్గించి, తగ్గిన జీతంలో కొంత ప్రభుత్వం భరించే ఏర్పాటు. ఆ ఎండకాలంలో మాకు దొరికిన ఒకే ఒక్క పచ్చిగడ్డి పోచ అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్. అది కూడా ఆట కాదు, ఆటగాళ్ళ పంపకం. కాలేజీల్లో ఆడిన కుర్రాళ్ళను వృత్తి జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో బాగా ఓడిన జట్టుకు ముందు వంతు, గెలిచిన జట్టుకు చివరి వంతు. ఆ ఏడాది అందరూ ఇళ్ళల్లో కూర్చునే వీడియోలో కానిచ్చారు.

ఎవరిని ఏ జట్టు ఎంచుకుంటుందో ముందే జోస్యం చెప్పడం అభిమానులకు పెద్ద పిచ్చి. జర్మనీలో ఆ పిచ్చి ఇంత ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. దాన్నే పోటీగా పెట్టమని మా విభాగాధిపతి హెర్ బ్రాండ్ల్ ఆదేశం. మా ప్రేక్షకుల్లో ఎక్కువమంది అభిమానించే జట్టు ఒకటుంది. ఆ జట్టు తొలి వంతు ఇరవై ఒకటోది. ఆ వంతులో ఏ ఆటగాణ్ణి తీసుకుంటారో చెప్పినవాళ్ళకు పాయింట్లు. బహుమతి ఒక జెర్సీ. పోటీ బాగా నడిస్తే మా చిన్న జట్టును సెప్టెంబరు దాకా పూర్తి పనిగంటలతో ఉంచుతామని బ్రాండ్ల్ మాటిచ్చాడు.

నా పని జట్టులో స్రవంతి టెస్టరు, అంటే రాసిన కోడును పరీక్షించే మనిషి. హనుమకొండ అమ్మాయి, ముప్ఫైకి ఒకటి అటో ఇటో. ఉద్యోగం ఉన్నంతవరకే చెల్లే బ్లూ కార్డు వీసా మీద వచ్చింది. ఆమె ఫెర్‌ట్రాగ్, అదే ఉద్యోగ ఒప్పందం, జూన్‌తో ముగుస్తుంది. పొడిగింపు కాగితం బ్రాండ్ల్ బల్ల మీద ఉంది. డ్రాఫ్ట్ అయ్యాక వచ్చే సోమవారం నిర్ణయం. పొడిగించకపోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఆమెకు మూడు నెలలు. ఆ రోజుల్లో ఎవడిస్తాడు ఉద్యోగం? విదేశీయుల కార్యాలయంలో టెర్మిన్, అంటే కలవడానికి సమయం, దొరకడమే గగనం.

పోటీకి మూడు వారాల ముందు స్రవంతి నాకు ఫోన్ చేసింది. "సార్, ఫ్యాన్స్ ఫోరంల రోజూ ఒకటే ముచ్చట. ఈసారి మన జట్టు తన వంతు వేరేటోళ్ళకు ఇచ్చి ఎనుకకు పోతదంట. గట్లయితే పాయింట్లు ఎట్ల పడ్తయి?"

నేను నవ్వాను. "వంతంటే వంతే స్రవంతీ. రాట్‌హౌస్ మున్సిపల్ ఆఫీసులో టోకెన్ తీసుకున్నవాడు దాన్ని పక్కవాడికిచ్చి వెనక్కి వెళ్ళి నిలబడతాడా?" అన్నాను.

"నాకైతే ఎర్కలేదు సార్. వాళ్ళంటున్నరు. టికెట్ల రాసిపెడ్త," అంది.

టికెట్ అంటే మా పని వ్యవస్థలో నమోదయ్యే ప్రశ్న. రాసింది. నేను "వర్తించదు" అని రాసి మూసేశాను. క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి. మా వేలంలో డబ్బున్నవాడు పాడుకుంటాడు. ఇక్కడి సాకర్‌లో క్లబ్బులు ఆటగాణ్ణి నేరుగా కొనుక్కుంటాయి. వరుసలో నంబరునే మార్పిడి చేసుకునే ఆట ఒకటుంటుందని నా బుర్రకు ఎక్కలేదు. బ్రాండ్ల్‌కూ తెలియదు, ఆయన హాకీ మనిషి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు నియమపత్రంలో ఖరాఖండీగా రాశాను: ఇరవై ఒకటో వంతులో ప్రకటించిన పేరే సరైన జవాబు.

డ్రాఫ్ట్ మొదటి అంచె జర్మనీ లెక్కలో శుక్రవారం తెల్లవారేసరికి అయిపోయింది. ఉదయం ఏడింటికి నేను ఇంట్లో కంప్యూటరు తెరిచేసరికి ఫిర్యాదులు కుప్పపడి ఉన్నాయి. ఆ జట్టు తీసుకున్న కుర్రాడి పేరే ముందుగా సరిగ్గా రాసినవాళ్ళకు సున్నా. రాయనివాళ్ళకు పాయింట్లు. డేటా అందించే కంపెనీ ఏదో తప్పు చేసిందనుకుని వాళ్ళకు ఘాటుగా ఒక మెయిలు కూడా కొట్టాను.

ఏడూ నలభైకి సహాయ కేంద్రం వాళ్ళు ఒక ఫోన్ కాల్‌ను నాకు మళ్ళించారు. ష్వైన్‌ఫర్ట్ నుంచి ఫ్రావ్ కెస్లర్ అనే పెద్దావిడ. అమెరికన్ సైనికులు ఆ ఊళ్ళో ఉన్న రోజుల్లో వాళ్ళ బారక్స్ క్యాంటీన్‌లో పనిచేసిందట, ఈ ఆట అక్కడే అంటుకుందట. కోపంగా లేదు, అదే నన్ను ఇంకా భయపెట్టింది. జెర్సీ తనకు అక్కర్లేదంది. "నేను చెప్పిన కుర్రాణ్ణే మావాళ్ళు తీసుకున్నారు. మీరు సున్నా వేశారు. ఎందుకో చెప్పండి చాలు," అంది. ఇరవై ఒకటో వంతులో మీరు రాసిన పేరు రాలేదని చెప్పాను. ఆవిడ చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. ఇరవై ఒకటి మావాళ్ళది కాదు, నిన్న దాన్ని ఇంకో జట్టుకు ఇచ్చేశారు, బదులుగా ఇరవై ఏడు తీసుకున్నారు, ఆ కుర్రాడు అక్కడ దొరికాడు. ఇది ప్రతి ఏడాదీ జరుగుతుందనీ, దీన్నే ముందుగా పసిగట్టడం అసలు సరదా అనీ చెప్పింది.

ఫోన్ పెట్టేసి ఆ పాత టికెట్ తెరిచాను. స్రవంతి ప్రశ్న పది గంటల పన్నెండు నిమిషాలకు. నా "వర్తించదు" పది గంటల పద్నాలుగు నిమిషాలకు. ఛీ, నా మొహం! అనుకున్నాను.

ఎనిమిదిన్నరకు వీడియో సమావేశం. బ్రాండ్ల్ నేరుగా విషయానికొచ్చాడు. ఇది టెస్టులో దొరకాల్సిన లోపం, టెస్ట్ చేసింది ఎవరు అన్నాడు. "నేనే," అంది స్రవంతి. టికెట్ మాట ఎత్తలేదు. తెర మీద ఆ పిల్ల మొహం చూశాను. నేనప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. "ముందు సరిచేద్దాం, కారణాలు తరవాత," అన్నాను. అది బాధ్యతగా వినిపించింది. నిజానికి పిరికితనం. రిటైర్మెంటుకు ఏడాది ముందు పరువు పోతుందని గుండె జంకింది. సిగ్గుతో ఇప్పుడు రాస్తున్నాను.

ఫలితాలు మధ్యాహ్నం పన్నెండింటికి ప్రకటించాలి. పోటీ ముగిశాక పాయింట్ల లెక్క మార్చాలంటే మా దగ్గర నాలుగు కళ్ళ పద్ధతి ఉంది. ఒకరు మారుస్తారు, ఇంకొకరు సొంతంగా సరిచూస్తారు, ఇద్దరూ సంతకం పెడతారు. స్రవంతి వంతు నంబరు తీసేసి జట్టు పేరును ఆధారం చేసుకుని లెక్క మళ్ళీ రాసింది. నేను అభిమానుల జవాబుల్లోంచి చేతికందినవి ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో ఒక్కొక్కటే సరిచూశాను. రెండు చోట్ల ఆమె లెక్కకూ నా లెక్కకూ పొంతన కుదరలేదు. ఒకటి ఆమె పొరపాటు, ఇంకోటి నాది. దిద్దుకున్నాం. టీ తాగలేదు, లేవలేదు. "ఇది కాకుండ లేచేది లేదు సార్," అంది స్రవంతి. నాకూ అదే పంతం. పదకొండూ యాభైకి రెండు లెక్కలూ ఒక్కటయ్యాయి.

ప్రకటనకు ముందు లోపం నివేదిక నింపాలి. బ్రాండ్ల్ కార్యాలయం నుంచి సగం నింపి పంపారు. కారణం అన్న గడిలో "టెస్ట్ లోపం" అని టైపు చేసి ఉంది. నా సంతకం ఒక్కటే ఖాళీ. సోమవారం ఆ కాగితం ఎవరి కాగితం పక్కన కూర్చుంటుందో నాకు బాగా తెలుసు. ఇక జంకడానికి చోటు లేదు. ఆ రెండు మాటలు కొట్టేసి ఇలా రాశాను: లోపం నియమపత్రంలోది. రాసింది నేను. మూడు వారాల ముందే టెస్టరు హెచ్చరించారు. నేను పట్టించుకోలేదు. టికెట్ ప్రతి జతచేశాను. సంతకం పెట్టి పంపాను. ఫలితాలు పన్నెండూ పదికి వెళ్ళాయి. ఫ్రావ్ కెస్లర్ మొదటి వందలో ఉంది.

బ్రాండ్ల్ ఫోన్ చేసి, ఇంత వివరంగా రాయనక్కర్లేదు కదా అన్నాడు. వెనక్కి తీసుకుంటావా అని కూడా అడిగాడు. తీసుకోనన్నాను. శరత్కాలంలో మొదలయ్యే పెద్ద ప్రాజెక్టు నాయకత్వం నాకు రావాల్సింది, వేరొకరికి వెళ్ళింది. అది న్యాయమే. సోమవారం స్రవంతి ఒప్పందాన్ని రెండేళ్ళకు పొడిగించారు. మా జట్టు కూడా సెప్టెంబరు దాకా పూర్తి పనిగంటలతో నిలబడింది.

ఆ వారాంతంలో ఆమె ఫోన్ చేసింది. థాంక్స్ చెప్పింది. నేను ఏవో పెద్దమనిషి మాటలు చెప్పబోయాను. మధ్యలో ఆపింది. "సార్, ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. అదే ప్రశ్న బ్రాండ్ల్ అడిగితే గూడ రెండు నిమిషాల్ల మూసేటోళ్ళా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "లేదు," అన్నాను. "ఆయన అడిగితే ఆ రోజంతా కూర్చుని చదివేవాణ్ణి."

"నేను గూడ గదే అనుకున్న సార్," అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. మర్నాటి పని గురించి మాట్లాడి ఫోన్ పెట్టేసింది.

ఆ తరవాత నా విభాగంలో ఒక నియమం పెట్టాను. ప్రశ్న వేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ ప్రశ్నను మూయకూడదు. నేను రిటైరయ్యాక కూడా దాన్ని తీసెయ్యలేదని విన్నాను. ఆ ఆట తెలియకపోవడం చిన్న లోపం, వారం రోజులు చదివితే పోతుంది. అడిగినవాళ్ళ హోదాను బట్టి ప్రశ్నను తూచడం అలా పోయేది కాదు. ఈ ఒక్కసారి దొరికిపోయాను కాబట్టి తెలిసింది. అంతకుముందు ఎంతమంది ప్రశ్నలను రెండు నిమిషాల్లో మూసేశానో నాకు తెలియదు. అడిగినవాళ్ళకు తెలుసు.